దాచుకున్న జ్వరం

తర్లగూడలో శనివారం సంతనాడు రెండు వరసలు కడతాయి. ఒకటి బండ్ల వరస, రెండోది జ్వరాల వరస. రెండూ దేవరాజు మెకానిక్ షెడ్డు ముందే. బండ్ల వరసలో తాతల నాటి జీపులు, ట్రాక్టర్లు, తలుపుకు తాడు కట్టుకున్న మెటడోర్లు ఉంటాయి. జ్వరాల వరసలో దుప్పట్లు కప్పుకొని గజగజ వణికే మనుషులుంటారు. ఎండుచేపలూ చింతపండూ మిరపకాయలూ బేరం చేసే జనం ఆ రెండు వరసల మధ్యనుంచే దారి చేసుకొని పోతారు. ఆగి చూసేవాళ్లెవరూ లేరు. సంతకొచ్చినవాళ్లకు సవాలక్ష పనులు.

పొద్దు బారెడెక్కేసరికి బుధ్రి అవ్వ వస్తుంది. అడవి లోపలున్న ఆమె ఊరు రెండు గంటల నడక. వచ్చి, నెత్తిమీది గంప దించి, దేవరాజు ఇచ్చిన టీ తాగి, మొదటి బండి ముందు పీట వేసుకొని కూర్చుంటుంది. వరసలో మొదటి మనిషి వచ్చి పక్కన కూలబడతాడు. అవ్వ ఎడమ చెయ్యి అతని నుదుటి మీద వేస్తుంది. కుడిచేతి వేలు ఇంజనులో ఇరుక్కుపోయిన బోల్టు మీద పెడుతుంది. చుట్ట కాల్చినంతసేపట్లో బోల్టు ఎర్రబడుతుంది, మనిషి చల్లబడతాడు. దేవరాజు ఎర్రటి బోల్టుకు తేనెమైనం తాకిస్తాడు. మైనం కరిగి సందుల్లోకి పాకుతుంది. అప్పుడు పానా వేసి, ముందు కొంచెం బిగించి, తర్వాత వదులు చేస్తాడు. బోల్టు కీచుమంటూ కదులుతుంది. జ్వరం పోయిన మనిషి దుప్పటి మడిచి భుజాన వేసుకొని, పక్కనే బల్ల వేసుకొని కూర్చున్న నర్సమ్మ ప్రమీలారాణి దగ్గరికి పోతాడు.

"వేడి పోయింది కదా అని ఇంటికెళ్లిపోకండి," అని ఆమె వచ్చిన ప్రతివాడికీ చెబుతుంది. "అవ్వ తీసినాది వేడినే. పురుగు లోపలే ఉంది. ఏదీ, వేలిలా పెట్టు. మాత్ర నా ముందే మింగు."

ప్రమీలారాణి దేవరాజు భార్య. ఆమెకు తర్లగూడ ఆరోగ్య ఉపకేంద్రంలో ఉద్యోగం వస్తే, పెళ్లాం వెంట సామాను మోసుకొచ్చిన మొగుడు దేవరాజు. ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో పుట్టాడు. వాళ్ల నాన్న బొబ్బిలి నుంచి వచ్చిన రైల్వే ఫిట్టరు. ఇనుము ఎట్లా ఆలోచిస్తుందో ఆ తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. ఆదివారం ప్రార్థనలో ఎంత నెమ్మదిగా కూర్చుంటాడో, బోల్టు ముందు కూడా అంతే నెమ్మదిగా కూర్చుంటాడు.

పాత బండికి మానిఫోల్డు బోల్టు ఊడదీయడమంటే ఆషామాషీ కాదు. ఇంజనులో పుట్టిన పొగ సైలెన్సరులోకి పోయేముందు దూరే ఇనుప గొట్టాల గుత్తి మానిఫోల్డు. అది రోజూ కాలుతుంది, రోజూ చల్లారుతుంది. అట్లా ఇరవై ముప్పై ఏళ్లు కాలి చల్లారేసరికి బోల్టూ, బోల్టున్న గుంటా తుప్పుతో ఒకటైపోతాయి. ఏది ఎక్కడ మొదలైందో వాటికే తెలీదు. కండబలం చూపిస్తే బోల్టు పుటుక్కున విరిగి, సగం లోపలే ఉండిపోతుంది. గ్యాసు మంట పెడదామంటే సిలిండరు జిల్లా కేంద్రం బీజాపూర్ నుంచి రావాలి, వస్తే వారం, లేకపోతే నెల. వచ్చినా ఆ మంట బోల్టుతోపాటు చుట్టుపక్కల ఇనుమునంతా కాల్చి పగలగొడుతుంది. జ్వరానికి ఆ అలవాటు లేదు. ఎక్కడ పెట్టిన వేడి అక్కడే ఉంటుంది.

జ్వరాల్లోనూ రకాలున్నాయి. చలిజ్వరం మానిఫోల్డుకు బాగా పనికొస్తుంది. టైఫాయిడు మందకొడి, బేరింగులు ఊడదీయడానికి వాడతారు. చిన్నపిల్లల జ్వరాన్ని అవ్వ ఇనుముకు పెట్టదు. తీసుకుపోయి వాగు నీళ్లలో వదిలేస్తుంది. ఇవన్నీ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతులే. షెడ్డుకు ఎదురుగా కిరాణా కొట్టు నడిపే శ్రీరంగానికి ఇంకా బాగా తెలుసు. తెలిసీ ఆయన చేసిన పని చూడండి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాడు. ఒక్క బోల్టు కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.

శ్రీరంగానికి అరవై ఏడేళ్లు. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెదొక దారి అన్న రకం. ఆయనకో తెల్ల అంబాసిడరుంది. దాన్ని తుడిచినంత శ్రద్ధగా ఆయన మొహం కూడా తుడుచుకోడని భార్య సావిత్రి అంటుంది. మేడారం తల్లులకు తన నిలువెత్తు బెల్లం ఇస్తానని సావిత్రి మొక్కుకొని ఆరేళ్లయింది. మేడారం ఎక్కడో లేదు, తర్లగూడ వంతెన మీదుగా గోదావరి దాటితే రెండు గంటల దారి. కానీ జాతర రెండేళ్లకోసారి. ఒకసారి జాతరకు ఆమెకు మోకాలి నొప్పి, ఇంకోసారి అంబాసిడరుకు క్లచ్చు నొప్పి. జాతర బస్సులెక్కడం ఆ మోకాళ్లతో ఆమె వల్ల కాదు. ఈసారి కారులో, ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకుపోతానని శ్రీరంగం మాటిచ్చాడు.

మాటిచ్చిన మర్నాడే కారు ఫట్‌ఫట్‌మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మానిఫోల్డు లీకు. పొగంతా కాళ్ల దగ్గర్నుంచి లోపలికే తన్నుతోంది. సరదాగా వంతెన దాకా పోదామని కూర్చున్న సావిత్రి, ఊరు దాటకముందే దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"దించెయ్ నన్ను," అంది. "తల్లుల కాడికి పోకముందే పై లోకానికి తోలేటట్టున్నవు."

దేవరాజు కారు షెడ్డులోకి తోయించాడు. కిరసనాయిలూ బ్రేకు ఆయిలూ కలిపి మూడు రోజులు బోల్టులకు తాగించాడు. నువ్వుగింజంత బిగింపు, ఆవగింజంత వదులు, మళ్లీ బిగింపు, మళ్లీ వదులు. అట్లా ఆరింట్లో ఐదు బోల్టులు క్షేమంగా బయటికొచ్చాయి. ఆరోది అర చుట్టు తిరిగి ఆగింది. దాన్ని రేపటిదాకా నాననిద్దామని దేవరాజు అన్నం తినడానికి పోయాడు. శ్రీరంగం అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయనకు ఓపికన్నది కొట్లో అమ్మే సరుకుల్లో కూడా లేదు. పానా అందుకొని బలం కొద్దీ లాగాడు.

దేవరాజు తిరిగొచ్చి చూసేసరికి బోల్టు తల శ్రీరంగం చేతిలో ఉంది. మిగతాది ఇంజనులో ఉంది, పట్టుకోవడానికి గోరంతైనా పైకి రాకుండా.

"ఏటి సేటు గారూ ఇది!" అన్నాడు దేవరాజు తల పట్టుకొని.

"జర గట్టిగ పట్టిన, అంతే. ఇప్పుడెట్ల మరి? వచ్చే శనివారమే జాతర ఆఖరు. ఆ రోజు పొద్దుగూకితే తల్లులు అడవిలకు పోతరు."

"జ్వరం కావాలండి. మామూలుది కాదు, పెద్ద జ్వరం. అది లేకుండా ఈ ముక్క రాదు."

జ్వరాల వరసంతా వానాకాలంలో, అడవి పల్లెల నుంచి వచ్చేదే. మాఘమాసంలో జ్వరాలెక్కడివి? దానికి తోడు ప్రమీలారాణి రెండేళ్లుగా ఇంటింటికీ తిరిగి దోమతెరలు కట్టించి, నీళ్ల కుండీలు బోర్లించి, ఊళ్లో జ్వరమన్న మాట లేకుండా చేసింది. జిల్లా నుంచి ఆమెకో ప్రశంసాపత్రం కూడా వచ్చింది. దేవరాజు దాన్ని షెడ్డులోనే గోడకు తగిలించాడు. గర్వంగానే ఉంటుంది, పని మాత్రం ఆగిపోతుంది.

మంగళవారం మధ్యాహ్నం కొట్లో కూర్చున్న శ్రీరంగానికి వెన్నులోంచి చలి పుట్టింది. కింది పన్ను పైపన్నుకు కొట్టుకుంది. ఇంకెవరైనా అయితే రోడ్డు దాటి నర్సమ్మకు వేలు చూపించేవాళ్లు. శ్రీరంగం సంతోషించాడు. ఏం ఆలోచన పుట్టిందో ఆ బుర్రలో, అవ్వ వచ్చేదాకా ఈ జ్వరాన్ని దాచిపెట్టాలనుకున్నాడు. శనివారం పొద్దున బోల్టు ఊడితే, మధ్యాహ్నానికల్లా సావిత్రి గద్దె ముందు ఉంటుంది.

అవ్వ ఊరికి ఫోను లేదు, పోదామంటే బండి దారి లేదు, ఈ జ్వరంతో రెండు గంటలు అడవిలో నడవలేడు. అందుకని దాచాడు. చెబితే సావిత్రి చెయ్యి పట్టుకొని లాక్కుపోయి మాత్రలు మింగిస్తుంది, మాత్రలు మింగితే జ్వరం చెడిపోతుంది. తన కొట్లోనే డబ్బానిండా జ్వరం బిళ్లలున్నాయి. వాటివంక చూడకుండా కూర్చున్నాడు. బుధవారం స్వెట్టరు వేసుకున్నాడు. గురువారం స్వెట్టరు మీద శాలువా కప్పాడు. చలికాలం కాబట్టి ఎవరూ అడగలేదు. అన్నం కంచం అందిస్తూ సావిత్రి వేళ్లు తగిలి ఉలిక్కిపడింది.

"ఏందయ్యా, చెయ్యి గింత కాలుతుంది?"

"ఎండల కూసున్న."

"ఎండ ఏడున్నదయ్యా పొద్దటి నుంచి?"

"ఉండె. నువ్వు చూళ్లే," అన్నాడు శ్రీరంగం. సావిత్రి నమ్మలేదు. కానీ నలభై ఒక్క ఏళ్లుగా ఆయన చెప్పిన సగం మాటలు నమ్మకుండానే కాపురం చేసింది కాబట్టి ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు గుండెలు బాదుకుందో.

శనివారం వచ్చింది. సంత పలచగా ఉంది. జనమంతా మేడారంలోనే. బుధవారం నుంచీ తర్లగూడ జీపులూ, భోపాలపట్నం టాక్సీలూ, చివరికి ఇటుకలు మోసే ట్రాక్టర్లు కూడా మనుషుల్ని ఎక్కించుకొని వంతెన దాటిపోయాయి. ఊళ్లో చక్రాలున్నవి సైకిళ్లూ, మోటారు సైకిళ్లూ, మానిఫోల్డు విప్పిన అంబాసిడరూ.

శ్రీరంగం కొట్టు మెట్లు దిగి రోడ్డు దాటుతున్నాడు. కొత్త ధోవతి కట్టుకున్నాడు, జాతరకు తయారై. షెడ్డుకు నాలుగడుగుల దూరంలో ఆగి, ఏదో మరచిపోయినవాడిలా చుట్టూ చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూలి, పక్కకు ఒరిగిపోయాడు.

దేవరాజు పరుగెత్తి పట్టుకున్నాడు. ఒళ్లు పెనంలా ఉంది. శ్రీరంగం ముందు హిందీలో ఎవరినో తిట్టాడు, తర్వాత చిన్నప్పుడెప్పుడో నేర్చుకున్న అడవి ఊళ్ల భాష దోర్లీలో పాట లాంటిదేదో గొణిగాడు. సావిత్రి మోకాళ్ల నొప్పి మరచి మెట్లు దిగొచ్చి ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. ఆయన కళ్లు తెరిచి ఆమెను చాలాసేపు చూశాడు.

"నువ్వెవరమ్మా?" అన్నాడు మర్యాదగా.

ఆ ప్రశ్న కంటే తిట్టు నయం, దెబ్బ నయం.

ఆయన్ను షెడ్డులోకి మోసుకొచ్చి, అంబాసిడరు పక్కన నులకమంచం మీద పడుకోబెట్టారు. ప్రమీలారాణి వేలు గుచ్చి చూసింది. రక్తపు చుక్క వేసిన పట్టీ మీద గీతలు చూడగానే ఆమె మొహం మారిపోయింది. గబగబా ఒక ఇంజెక్షను చేసి, సెలైను పెట్టింది. దేవరాజును పక్కకు పిలిచింది గానీ, గొంతు తగ్గించడం మరచిపోయింది.

"చలిజ్వరం తలకెక్కీసింది. ఎన్నాళ్ల నుంచి దాచీసినాడో ఈ మహానుభావుడు! బీజాపూర్ పెద్దాసుపత్రిలో చేర్చాలి, గంటలో ఇక్కడ్నుంచి కదలాలి. ఆలీసం అయితే నా చేతిలో లేదు, ఎవరి చేతిలోనూ లేదు."

అంబులెన్సుకు ఫోను చేస్తే, జాతర దారిలో ఉంది, రావడానికి మూడు గంటలు పడుతుందన్నారు. స్పృహ లేని మనిషిని, సెలైను సీసాతో, మోటారు సైకిలు మీద రెండు గంటలు తీసుకుపోలేరు. అందరి కళ్లూ అంబాసిడరు మీద పడ్డాయి.

"ఈ ముక్క రాకుండా మానిఫోల్డు కూర్చోదు," అన్నాడు దేవరాజు. "కూర్చోకుండా తోలితే పొగంతా లోపలికే. ఊపిరందని మనిషికి రెండు గంటలు ఆ పొగ పట్టిస్తే, మనమే సంపినట్టు."

అప్పటికే బుధ్రి అవ్వ గంప దించి నిలబడి ఉంది. వచ్చి శ్రీరంగం నుదుటి మీద చెయ్యి వేసింది. వేసినంత వేగంగా తీసేసింది. మళ్లీ వేసింది. ఆమె రెండో చేతి వేలు కారు ఇంజను మీదే ఉంది గానీ బోల్టు ముక్క నల్లగా, చల్లగా అట్లాగే ఉంది.

"నా చేతికి రాదు," అంది అవ్వ తన వచ్చీరాని తెలుగులో. "నాలుగు దినాలు దాచిండు. ఎముకల పోయింది. ఎవరి కోసం దాచిండు?"

ఆరో బోల్టు విరిగిననాటి మాటలు దేవరాజుకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. శాలువా, స్వెట్టరు, ఈ రోజు కట్టుకున్న కొత్త ధోవతి, అన్నీ ఒక చోటికొచ్చాయి.

"అమ్మా," అన్నాడు సావిత్రితో. "మీ కోసమేనమ్మా. పెద్ద జ్వరం కావాలని నానే అన్నాను. మిమ్మల్ని మేడారం తీసుకెళ్లాలని మంగళవారం నుంచీ మోస్తన్నాడు కామోసు."

సావిత్రి మొగుడి మొహంలోకి చూసింది. ఆమెకు ముందు కోపమొచ్చింది. చెంప పగలగొట్టాలనిపించేంత కోపం. దాని వెనకే ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎవరి కోసం దాస్తే ఆమె చేతికే వస్తది," అంది అవ్వ. "నువ్వు పట్టు. నేను నీ చెయ్యి పట్టుకుంట."

నులకమంచాన్ని కారు ముందుకు జరిపారు. సావిత్రి ఎడమ చెయ్యి శ్రీరంగం నుదుటి మీద వేసింది. ఆమె కుడి చెయ్యిని అవ్వ గట్టిగా పట్టుకుంది. అవ్వ రెండో చేతి వేలు, ఇంజనులో విరిగిన బోల్టు ముక్క మీద ఆనించింది.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత సావిత్రికి తెలిసింది. నుదుటి నుంచి అరచేతిలోకి, అరచేతిలోంచి మోచేతిలోకి, గుండెల మీదుగా రెండో చేతిలోకి వేడి నడిచిపోతోంది. ఒక్క వేడి కాదు. ముందు ఈ పొద్దుటిది వచ్చింది, మంటలా. తర్వాత శుక్రవారానిది, బరువుగా. గురువారానిదాన్ని ఆమె గుర్తుపట్టింది, కంచం అందించినప్పుడు వేళ్లకు తగిలింది అదే. బుధవారానిది. అన్నిటికన్నా అడుగున మంగళవారంనాటి చలి, దాంతోపాటే ఆయన సంతోషం. చిన్నపిల్లాడు మామిడికాయ దాచుకున్నప్పుడు పడే సంతోషం. ఇంత మొండితనమూ ఇంత ప్రేమా ఒక్క ఒంట్లో ఎట్లా పట్టాయా అని ఆమె ఆశ్చర్యపోయింది. కళ్లనీళ్లు ధారగా కారుతున్నా తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి లేదు.

బోల్టు ముక్క నడిమధ్య కుంకుమ బొట్టంత ఎరుపు కనిపించింది. అది అంచులదాకా పాకింది. దానిమ్మ గింజ రంగయింది, నారింజ రంగయింది. అక్కడితో ఆగుతుందనుకున్నాడు దేవరాజు. ఏ జ్వరమూ ఆ రంగు దాటగా ఆయన చూడలేదు. ఇది దాటింది. పసుపయింది, తెల్లబడింది, పట్టపగలు కళ్లు చెదిరే తెలుపు. దేవరాజు దానికి బెత్తెడు దూరంలో ఇంజను మీద చెయ్యి వేసి చూశాడు. రాత్రి కురిసిన మంచు తడి ఇంకా ఆరలేదు. అవ్వ వేలు కూడా అంతే చల్లగా, ఆ తెలుపులో ముంచినట్టుగా ఉంది.

సంతలో చప్పుడు ఆగిపోయింది. మిరపకాయలు తూచేవాడు త్రాసు పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. దేవరాజు పట్టుకారు అందుకున్నాడు. యేసు నామాన్ని తలుచుకొని, పట్టుకారుతో కొత్త నట్టు ఒకటి తీసి, అవ్వ వేలు పక్కకు జరపగానే ఆ తెల్లని ముక్క మీద పెట్టి, సుత్తితో ఒక్కటంటే ఒక్క దెబ్బ వేశాడు. నట్టూ ముక్కా అతుక్కుపోయాయి.

"చాలవ్వా," అన్నాడు.

అవ్వ చెయ్యి వదిలేసి, నేల మీద కూర్చుంది. ప్రమీలారాణి శ్రీరంగం చంకలో థర్మామీటరు పెట్టి తీసింది. తొంభై ఎనిమిదిన్నర. ఊపిరి కాస్త నెమ్మదించింది. కళ్లు మాత్రం తెరవలేదు.

"వేడి పోయింది. విషం రక్తంలోనే ఉంది. తొరగా కానీవయ్యా," అంది భర్తతో.

తొరగా చెయ్యకూడని పని అది. తెలుపు ఎరుపై, ఎరుపు నలుపయ్యేదాకా దేవరాజు ఆగాడు. తేనెమైనం తాకించాడు, పొగ లేచి మైనం లోపలికి పోయింది. నట్టుకు పానా వేశాడు. నువ్వుగింజంత బిగించాడు. కదల్లేదు. వెనక ఒక మనిషి ప్రాణం పోతోంది, లాగు లాగు అని చేతులు తొందర పెడుతున్నాయి. లాగితే ఏమవుతుందో ఆ మంచం మీదున్నాయనే చేసి చూపించాడు. దేవరాజు కళ్లు మూసుకున్నాడు. మళ్లీ నువ్వుగింజంత బిగింపు. ఈసారి లోపలెక్కడో సన్నగా టిక్కుమంది. ఆవగింజంత వదులు. కీచు. మళ్లీ బిగింపు, మళ్లీ వదులు. ముప్పై ఏళ్ల తుప్పు పొడిపొడిగా రాలింది. అర చుట్టు, చుట్టు, రెండు చుట్లు. బొటనవేలంత ఇనుప ముక్క ఆయన అరచేతిలోకొచ్చి పడింది. దేవరాజు దాన్ని చూడను కూడా చూడలేదు, పారేసి కొత్త ప్యాకింగు అందుకున్నాడు.

అరగంటలో అంబాసిడరు బీజాపూర్ దారి పట్టింది. చప్పుడు లేదు, పొగ లేదు. దేవరాజు తోలుతున్నాడు. పక్క సీట్లో ప్రమీలారాణి సెలైను సీసా ఎత్తిపట్టుకుంది. వెనక సావిత్రి ఒళ్లో శ్రీరంగం తల. ఆమె దారి పొడుగునా ఆయన పేరు పిలుస్తూనే ఉంది. మొగుడి పేరు నోటితో పలకడం ఆమెకు అదే మొదటిసారి.

పెద్దాసుపత్రి డాక్టరు కుర్రవాడు. ప్రమీలారాణి చెప్పిందంతా విని, కాగితం మీద ‘జ్వరం తీసేశారు’ అని రాసుకొని, రక్తం పరీక్ష చూశాడు. ఇంజెక్షన్లు మొదలుపెట్టించాడు.

"సమయానికి తెచ్చారు," అన్నాడు హిందీలో. "మందు పనిచెయ్యడానికి రెండు రోజులు పడుతుంది. ఈలోగా జ్వరం మళ్లీ పైకి లేవకూడదు. లేస్తే ఈయన తట్టుకోలేడు."

"లేస్తుందా సార్?" అనడిగింది సావిత్రి.

డాక్టరు అబద్ధం చెప్పలేదు. "లేవొచ్చు," అన్నాడు.

ఆ మాట విని, ఎందుకైనా మంచిదని దేవరాజు ఆదివారం తెల్లవారగానే అవ్వను తీసుకురావడానికి బయల్దేరాడు. పోను రాను, మధ్యలో అడవి నడక, ఎంత లేదన్నా సాయంత్రమవుతుంది. జ్వరం సాయంత్రం దాకా ఆగలేదు. ఎండ నడినెత్తికి రాకముందే శ్రీరంగం పెదవులు వణికాయి, మంచం గడగడలాడింది, ఒళ్లు పొయ్యయింది. నర్సు మిషను చూసి, ఐసు కోసం పరుగెత్తింది. ప్రమీలారాణి డాక్టరును వెతకడానికి పోయింది. సావిత్రి ఒక్కతే మిగిలింది.

ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు. నిలబడితే మోకాళ్లు ఆగవు కాబట్టి కుడి చేత్తో మంచం ఇనుప కమ్మీ పట్టుకుంది. ఎడమ చెయ్యి ఆయన నుదుటి మీద వేసింది. జ్వరమొచ్చిన మనిషి నుదుటి మీద ఏ భార్యైనా వేసినట్టే వేసింది.

ముందు రంగు కాలిన వాసన వచ్చింది. తల తిప్పి చూసింది. తన చెయ్యి పట్టుకున్న చోట కమ్మీ మీది తెల్లరంగు బుడగలు లేచి ఊడిపోతోంది. దాని కింద ఇనుము ఎర్రగా వెలుగుతోంది, తన వేళ్ల సందుల్లోంచి. వేళ్లకు ఏమీ కాలేదు. అవ్వ లేదు, అవ్వ చెయ్యి లేదు, వేడి మాత్రం నిన్న నడిచిన దారినే నడిచిపోతోంది. సావిత్రికి కాళ్లు కడుక్కొని సాష్టాంగపడాల్సిన చోట నిలబడ్డట్టనిపించింది. దణ్ణం పెట్టుకోవాలంటే చెయ్యి తియ్యాలి. ఆమె తియ్యలేదు.

శ్రీరంగం వణుకు తగ్గింది. ఊపిరి దారిలో పడింది. చాలాసేపటికి కళ్లు తెరిచి, ఆమెను చూసి, కనుబొమలు ముడిచాడు.

"సావిత్రీ," అన్నాడు.

ఆమె చెయ్యి తియ్యకుండానే ఆయన మీదికి వంగింది.

"బోల్టు ఊడిందా?"

"ఊడింది. నీ మొండితనం మన్నుగాను, ఊడింది," అని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. "ఇంకోపారి ఏమన్న దాస్తివంటే జూడు. తలకాయ నొప్పొచ్చినా నాకు చెప్పాలె. ఇనవడుతుందా?"

"మరి మేడారం?"

"తల్లులు నిన్ననే అడవిలకు పోయిన్రు."

"అయ్యో," అన్నాడు శ్రీరంగం. నిజంగానే బాధపడ్డాడు. ఆ తర్వాత ఆయన చూపు ఎర్రటి కమ్మీ మీదికి పోయింది, దాన్ని పట్టుకున్న చేతి మీదికి పోయింది. ఏమీ అడగలేదు. ఎదురు షెడ్డులో ఇన్నేళ్లుగా చూస్తున్నదాన్ని గురించి అడగడానికేముంది? కానీ ఆ చెయ్యి సావిత్రిది. ఆయన దాన్ని మొదటిసారి చూస్తున్నవాడిలా చాలాసేపు చూశాడు.

పక్క మంచం మీద మూడేళ్ల పాప ఒకతె ఉంది. పొద్దటినుంచీ కణకణ కాలుతోంది. తల్లి తడిగుడ్డలు మార్చి మార్చి అలసిపోయి, రెప్ప వెయ్యకుండా సావిత్రినే చూస్తోంది. ఆమె భాష ఏదో, ఊరు ఏదో సావిత్రికి తెలీదు. ఆ తల్లి లేచి, పిల్ల మంచాన్ని రెండు చేతులా పట్టుకొని లాగింది. మంచం కాళ్లు నేల మీద కర్రుకర్రుమన్నాయి. పాప నుదురు సావిత్రి చేతికి అందేంత దగ్గరికి తెచ్చి, మంచం ఆపి, తల దించుకొని నిలబడింది.

పిల్లల జ్వరాన్ని ఇనుముకు పెట్టకూడదు, చుట్టుపక్కల వాగు లేదు. సావిత్రి చుట్టూ చూసింది. కిటికీ పక్కన నిండా నీళ్లున్న బకెట్టు ఒకటి ఉంది, దూరంగా. పాప తల్లి ఆ చూపు పట్టుకొని పోయి బకెట్టు తెచ్చింది. సావిత్రి రెండో చేతికి అందేలా పెట్టడానికి రెండు మంచాల మధ్య ఎక్కడా సందు లేదు.

శ్రీరంగం సెలైను గొట్టం జాగ్రత్తగా పట్టుకొని, ఉన్న కాస్త బలంతో మంచం మీదే అవతలి అంచుకు జరిగాడు. తన పక్కన పరుపు మీద బకెట్టుకు చోటిచ్చి, ఒలకకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.